నార్మన్ జాక్సన్ విక్టోరియా క్రాస్: ఎగురుతున్న లాంకాస్టర్ రెక్క మీదికి ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది?

రెక్కలగుర్రం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన బాంబు విమానాల విభాగం బాంబర్ కమాండ్ అనగానే గై గిబ్సన్, లియోనార్డ్ చెషైర్ లాంటి పైలట్ల పేర్లే ముందు వస్తాయి. ఇంజిన్లు, ఇంధనం చూసుకున్నవాళ్ళ గురించి తెలుగులో వివరంగా రాసినవి చాలా తక్కువ. ఈ థ్రెడ్ నార్మన్ సిరిల్ జాక్సన్ కోసం. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ అందుకున్న ఫ్లైట్ ఇంజనీర్ ఆయనొక్కడే.

క్లుప్తంగా జరిగింది ఇది. 1944 ఏప్రిల్ 26 రాత్రి 106 స్క్వాడ్రన్‌కి చెందిన నాలుగు ఇంజిన్ల బాంబర్ లాంకాస్టర్ ఎంఈ669 జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీద బాంబులు వేసి బయటపడుతోంది. సుమారు 20,000 అడుగుల ఎత్తులో జర్మన్ ఫైటర్ వచ్చి కాల్చింది. కుడి రెక్క పైభాగాన మంట లేచింది. జాక్సన్ కాలికీ భుజానికీ షెల్ ముక్కలు గుచ్చుకున్నాయి. అయినా కెప్టెన్ అనుమతి అడిగి, మంటలార్పే సిలిండర్‌ని లైఫ్ జాకెట్‌లో దోపుకొని, పారాచూట్ ప్యాక్ తగిలించుకొని, పైలట్ తల మీదున్న హ్యాచ్ (పైకప్పు తలుపు) ఊడదీసి బయటికి పాకారు.

విషయం బాగా తెలిసినవాళ్ళని మూడు అడగాలి. విమానంలో అగ్నిమాపక ఏర్పాటు ఉండగా మనిషి బయటికి ఎందుకు వెళ్ళాలి? పారాచూట్ లోపలే ఎందుకు విచ్చుకుంది? అసలు ఆ ప్రయత్నానికి ఏమైనా ఆస్కారం ఉందా?

మెర్లిన్ మేస్త్రి

మొదటిదానికి జవాబు ట్యాంకుల అమరికలో ఉంది. లాంకాస్టర్‌కి ఒక్కో రెక్కలో మూడు ఇంధన ట్యాంకులు. ఒకటో నంబరు ఫ్యూజలేజ్‌కీ (విమానం మొండేనికీ) లోపలి ఇంజిన్‌కీ మధ్య, 580 గ్యాలన్లు. రెండోది రెండు ఇంజిన్ల నడుమ, 383. మూడోది బయటి ఇంజిన్ అవతల, 114. రెండు రెక్కలూ కలిపి 2,154 ఇంపీరియల్ గ్యాలన్లు, అంటే దాదాపు 9,800 లీటర్లు.

ఇప్పుడు పతకం ప్రకటనలో మంట ఎక్కడ అని రాశారో చూడండి: కుడి రెక్క పైన, ఫ్యూజలేజ్‌కీ లోపలి ఇంజిన్‌కీ మధ్య, పెట్రోల్ ట్యాంకు దగ్గర. అంటే ఒకటో నంబరు ట్యాంకు. అన్నిటికన్నా పెద్దది, సిబ్బంది కూర్చునే చోటికి దగ్గరగా ఉన్నది, రెక్క ప్రధాన స్పార్‌ని, అంటే రెక్క బరువు మోసే దూలాన్ని, ఆనుకొని ఉన్నది.

కాక్‌పిట్‌లో ఉన్న నాలుగు అగ్నిమాపక బటన్లు నాలుగు ఇంజిన్లవి. బటన్ నొక్కితే గ్రావినర్ సీసాలోని వాయువు ఆ ఇంజిన్ గూట్లోకే పోతుంది. రెక్క పైచర్మం మీద మండే మంటకి అది చేరదు. అక్కడికి చేరాలంటే ఎవరో ఒకరు మోసుకెళ్ళాల్సిందే.

నీలిమ

ట్యాంకులు తూటా పడినా వాటంతటవే మూసుకునే రకం కదా? మరి మంట ఎలా అంటుకుంది?

మెర్లిన్ మేస్త్రి

సెల్ఫ్ సీలింగ్ పొర రబ్బరుది. పెట్రోల్ తగలగానే ఉబ్బి రంధ్రాన్ని మూసేస్తుంది. రైఫిల్ క్యాలిబర్ తూటా చేసే రంధ్రానికి బాగా పనిచేస్తుంది. 20 మి.మీ. ఫిరంగి షెల్ లోపల పేలితే చిరుగు పెద్దదవుతుంది, అంచులు విచ్చుకుంటాయి, రబ్బరు అందుకోలేదు. పైగా లక్ష్యం దాటేసరికి ట్యాంకుల్లో చాలా ఇంధనం వాడేసి ఉంటారు. ఖాళీ అయిన మేరకు పెట్రోల్ ఆవిరి నిండుతుంది. ద్రవం కన్నా ఆ ఆవిరే ప్రమాదం.

ఇంజిన్‌లో మంట వస్తే పద్ధతి అందరికీ కంఠతా వచ్చేది. థ్రాటిల్ మూసేయడం, ఆ ఇంజిన్ మాస్టర్ ఫ్యూయల్ కాక్ (ఇంధనం ఆపే కుళాయి) కట్టేయడం, ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేయడం, అంటే బ్లేడ్ల అంచు గాలికి ఎదురుగా తిప్పి ఆపేయడం, ఆ తర్వాత అగ్నిమాపక బటన్. వరస తప్పి ఇంధనం కట్టకముందే బటన్ నొక్కితే ఒక్క సీసా వృథా, మంట మళ్ళీ లేస్తుంది. రెక్క మంటకి ఈ వరసలో ఏదీ పనికిరాదు. సెలెక్టర్ తిప్పి ఇంజిన్లని రెండో నంబరు ట్యాంకు మీదికి మార్చొచ్చు. చిరిగిన ట్యాంకులోంచి కారేది మాత్రం కారుతూనే ఉంటుంది.

కెప్టెన్ దగ్గర మిగిలినవి రెండే. వేగంగా డైవ్ చేసి గాలితో మంట ఆర్పజూడటం, లేదా దూకమని చెప్పడం. డైవ్ ఒక్కోసారి పనిచేసేది. కానీ స్పార్ పక్కన మంట ఉండగా డైవ్ నుంచి పైకి లాగేటప్పుడే రెక్క మీద బరువు ఎక్కువ పడుతుంది. అల్యూమినియం మిశ్రమం కరగనక్కర్లేదు, రెండు మూడు వందల డిగ్రీలకే దాని బలంలో చాలా భాగం పోతుంది. రెక్క విరిగితే విమానం గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడులో లోపలివాళ్ళు కదల్లేరు. జాక్సన్ వృత్తిరీత్యా ఫిట్టర్. ఆ ట్యాంకు వెనక ఏముందో ఆయనకి చేతి పనిగా తెలుసు. దీన్ని కేవలం తెగింపు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అది ఆ విమానం లోపలి నిర్మాణం తెలిసినవాడి నిర్ణయం.

లింకన్‌షైర్ నుంచి

ఆయన నేపథ్యం కొంచెం. 1919 ఏప్రిల్ 8న లండన్ పడమటి శివారు ఈలింగ్‌లో పుట్టారు. పసితనంలోనే గంటర్ కుటుంబం దత్తత తీసుకుంది. ఫిట్టర్, టర్నర్ పని నేర్చుకొని, 1939లో వాయుసేన వాలంటీర్ రిజర్వ్‌లో చేరి ఇంజిన్ ఫిట్టర్ అయ్యారు. 1941లో పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో సండర్లాండ్ ఎగిరే పడవల (నీటి మీద దిగే విమానాల) స్క్వాడ్రన్‌లో పనిచేశారు. ఆ పని మానేసి గాల్లోకి వెళ్ళమని ఆయన్ని ఎవరూ అడగలేదు, తానే ఫ్లైట్ ఇంజనీర్ శిక్షణకి దరఖాస్తు పెట్టుకున్నారు.

1942లో భారీ బాంబర్లలో రెండో పైలట్‌ని తీసేశారు. ఒక్కో విమానానికి ఇద్దరు పైలట్లని తయారుచేసే తీరిక లేదు. ఆ కుడివైపు సీటులోకి ఫ్లైట్ ఇంజనీర్ వచ్చాడు. వేల్స్‌లోని సెయింట్ ఆథన్ శిక్షణ కేంద్రం ఈ ఇంజనీర్లని తయారుచేసేది. మొదట్లో చాలామంది జాక్సన్ లాగే నేలమీద మెకానిక్‌లుగా చేసినవాళ్ళు.

1943 జూలై చివర్లో ఆయన 106 స్క్వాడ్రన్‌లో చేరారు. అప్పటికది సైయర్‌స్టన్‌లో ఉంది, నవంబర్‌లో లింకన్‌షైర్‌లోని మెథరింగ్‌హామ్‌కి మారింది. అంతకు ముందు ఏడాది పాటు దీనికి కమాండర్ గై గిబ్సనే.

నీలిమ

విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ రోజువారీ పని ఏమిటో కూడా చెప్పండి. చాలామంది ఆయన్ని మెకానిక్ అని రాసేస్తున్నారు.

మెర్లిన్ మేస్త్రి

సీటు అంటే మడత సీటు, పైలట్ కుడిపక్క. గేజ్‌ల పలక ఆయన వెనక కుడి గోడ మీద ఉంటుంది. అందుకని ప్రయాణంలో చాలా భాగం నిలబడే.

టేకాఫ్‌లో పైలట్ థ్రాటిల్స్ ముందుకు తోస్తుంటే ఇంజనీర్ చెయ్యి వెంటే ఉండాలి. పైలట్ రెండు చేతులూ కంట్రోల్ మీదికి వెళ్ళాక థ్రాటిల్స్‌ని చివరిదాకా తోసి, వెనక్కి జారకుండా బిగించేది ఇంజనీరే. 3,000 ఆర్‌పీఎం. పూర్తి బరువుతో ఉన్న విమానంలో ఆ క్షణాన ఒక లీవర్ జారితే విమానం పక్కకి లాగేస్తుంది. ఆ తర్వాత చక్రాలు ఎత్తడం, ఫ్లాప్‌లు (రెక్క వెనకంచున దించే పలకలు) కొంచెం కొంచెంగా లోపలికి తీయడం. ఒక్కసారిగా తీస్తే విమానం కూలబడుతుంది. ఎత్తుకి ఎక్కేటప్పుడు 2,850 ఆర్‌పీఎం, +9 పౌండ్ల బూస్ట్ (ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి), అది కూడా గంటకు మించకుండా.

క్రూజ్‌లోకి వచ్చాక అసలు పని లాగ్ షీట్. బూస్ట్, ఆర్‌పీఎం, ఆయిల్ ఒత్తిడి, ఆయిల్ వేడి, కూలెంట్ వేడి, ఏ ట్యాంకులో ఎంత, అన్నీ క్రమం తప్పకుండా రాయాలి. నాలుగు మెర్లిన్ ఇంజిన్లు కలిపి గంటకు సుమారు 200 గ్యాలన్లు తాగుతాయి, అంటే మైలుకి దాదాపు ఒక గ్యాలన్. గేజ్‌ని ఒక్కదాన్నే నమ్మరు. వేగం, ఆర్‌పీఎం, సమయం బట్టి లెక్క కట్టి గేజ్‌తో సరిపోల్చుతారు. రెండూ కలవకపోతే ఎక్కడో కారుతున్నట్టు.

మూడో నంబరు ట్యాంకు నేరుగా ఇంజిన్‌కి ఇవ్వదు, రెండో దానిలోకి దింపుకోవాలి. రెండులో చోటు ఖాళీ అయ్యాకే ఆ పని. తొందరపడితే పొంగి వెంట్ గొట్టంలోంచి బయటికి పోతుంది, ఆలస్యం చేస్తే యుద్ధం మధ్యలో గుర్తొస్తుంది. నా లెక్కలో ఒక విమానం ఇంటికి చేరడం నావిగేటర్ పెన్సిల్ మీద ఎంత ఆధారపడేదో ఇంజనీర్ పెన్సిల్ మీదా అంతే ఆధారపడేది.

గొడుగు దారం

రెండో ప్రశ్న, పారాచూట్ సంగతి. పైలట్‌ది సీటు రకం, దాని మీదే కూర్చుంటాడు. మిగతా సిబ్బందిది ఛాతీకి తగిలించుకునే రకం. హార్నెస్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది, ప్యాక్ మాత్రం పక్కన పెట్టుకొని అవసరమైనప్పుడు ముందున్న రెండు కొక్కేలకి తగిలిస్తారు. ఇరుకులో పనిచేయడానికి ఇది వీలు. ఇబ్బంది ఏమిటంటే తగిలించాక రిప్‌కార్డ్ (పారాచూట్ విప్పే తీగ) పిడి ఒంటికి ముందు వైపున, బయటికి ఉంటుంది. పైకప్పు హ్యాచ్‌లోంచి బోర్లా పాకే మనిషి ఛాతీ సరిగ్గా అంచుకే రాసుకుంటుంది. జాక్సన్ విషయంలో ప్యాక్ ఆయన ఫ్యూజలేజ్ దాటకముందే విచ్చుకొని, గుడ్డ, తాళ్ళు మొత్తం కాక్‌పిట్‌లోకి జారిపోయాయి. పైకప్పు హ్యాచ్‌లు సముద్రంలో దిగినప్పుడో, నేలమీద కూలినప్పుడో బయటపడటానికి పెట్టినవి. ఎగురుతుండగా ప్యాక్ కట్టుకొని పాకడానికి కాదు.

ఇక్కడ ఆయన వెనక్కి రాలేదు. పైలట్, బాంబ్ ఎయిమర్, నావిగేటర్ ఆ గుడ్డని పోగుచేసి తాళ్ళు పట్టుకొని, ఆయన వెనక్కి పాకుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా వదిలారు. బయటికి వెళ్ళాక ఇంటర్‌కామ్ తీగ లేదు, ఆక్సిజన్ గొట్టం లేదు. లోపలివాళ్ళకి ఆయన ఎక్కడున్నాడో తెలిసేది తాడు బిగువుని బట్టే.

ఆ తాళ్ళే తర్వాత సమస్య. మంట అంటుకొని, పట్టు తప్పి ఆయన రెక్క మీంచి కొట్టుకుపోయాక గుడ్డ అంతా హ్యాచ్‌లోంచి బయటికి పోవాలి. ఎక్కడైనా తట్టుకుంటే విమానానికి వేలాడుతూ ఉండిపోతారు. లోపలివాళ్ళు దాన్ని వదిలారు, అది మంటలోంచి వెళ్ళింది. చివరిసారి కనబడేసరికి సగమే విచ్చుకొని, పలుచోట్ల కాలుతూ ఉంది. పూర్తిగా విచ్చుకున్న 24 అడుగుల గుడ్డ కింద కూడా దిగడం గట్టిగానే తగులుతుంది. రంధ్రాలు పడ్డదానితో దిగిన జాక్సన్‌కి చీలమండ విరిగింది, అది తక్కువ నష్టమే అనాలి.

గాలివాటం

మూడో ప్రశ్నకి కొంచెం లెక్క. ప్రకటనలో వేగం గంటకు 200 మైళ్ళు అని ఉంది. సెకనుకు సుమారు 89 మీటర్లు. 20,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 0.65 కిలోల చిల్లర. సగం సాంద్రతని వేగపు వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 2,600 పాస్కల్స్, అంటే 265 కిలోల బరువుకి సమానం. మోకాళ్ళ మీద లేచిన మనిషి గాలికి అడ్డం పెట్టేది 0.4 చదరపు మీటరు అనుకుంటే తోపు వంద కిలోలు దాటుతుంది. ఫ్యూజలేజ్‌కి కరుచుకొని గాలి దిశలో పడుకుంటే అందులో సగానికన్నా తక్కువ. 200 అన్నది విమానం వేగ మీటరు చూపిన అంకె అయితే ఇవన్నీ దాదాపు రెట్టింపు, ఎందుకంటే పలుచటి గాలిలో ఆ మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది.

కాబట్టి పాకడం సాధ్యమే, పడుకొని ఉన్నంతసేపు. ఫ్యూజలేజ్ మీంచి రెక్క మీదికి దిగే చోట ఒళ్ళు అడ్డం తిరగక తప్పదు. ఆయన జారింది కూడా అక్కడే. రెక్క ముందంచున ఉన్న గాలి ప్రవేశ మార్గం చేతికి దొరికింది, దాన్ని పట్టుకొని నిలిచారు. మంటలార్పే సిలిండర్ మాత్రం గాలికి కొట్టుకుపోయింది.

ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 25 సెల్సియస్ దగ్గర. ఆక్సిజన్ లేకుండా 20,000 అడుగుల్లో కదలకుండా కూర్చున్నవాడికే అరగంట లోపు తెలివి మందగిస్తుంది. గాయాలతో, ఇంత శ్రమతో అయితే ఇంకా త్వరగా.

రెక్కలగుర్రం

న్యూజిలాండ్‌కి చెందిన జేమ్స్ వార్డ్ 1941లో ఇలాంటిదే చేసి ప్రాణంతో లోపలికి వచ్చాడు కదా. ఆయనకి కుదిరింది, ఈయనకి ఎందుకు కుదరలేదు?

గాలివాటం

విమానం వేరు. 1941 జూలై 7 రాత్రి ము‌న్‌స్టర్ నుంచి తిరిగొస్తున్న 75 స్క్వాడ్రన్ వెల్లింగ్టన్ అది. వెల్లింగ్టన్ అస్థిపంజరం లోహపు అల్లిక, పైన గుడ్డ. వార్డ్ నడుముకి రబ్బరు పడవ తాడు కట్టుకొని, గుడ్డని కాలితో తన్ని రంధ్రాలు చేసి, ఆ అల్లికలో కాళ్ళూ చేతులూ ఇరికించుకుంటూ వెళ్ళాడు. లాంకాస్టర్‌కి పైన నున్నటి లోహపు రేకు. పట్టు దొరికే చోటే లేదు. పైగా వార్డ్ తాడు నడుముకి కట్టింది, జాక్సన్‌ది విచ్చుకున్న పారాచూట్. వార్డ్ అదే ఏడాది సెప్టెంబర్ 15న హాంబర్గ్ మీద చనిపోయాడు.

లింకన్‌షైర్ నుంచి

ఆ రాత్రి దాడి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ష్వైన్‌ఫుర్ట్ బాల్ బేరింగ్ కర్మాగారాల ఊరు. అమెరికన్లు 1943 అక్టోబర్ 14న పగటిపూట వెళ్ళి 60 బీ-17 బాంబర్లు పోగొట్టుకున్న చోటు. ఈసారి వెళ్ళింది 215 లాంకాస్టర్లు, 11 మస్కిటోలు. తక్కువ ఎత్తులో వెళ్ళి, బాంబులు ఎక్కడ వేయాలో చూపే గుర్తులు వేసే పని మస్కిటోలనే తేలికపాటి విమానాలది, గుర్తులు సరిగ్గా పడలేదు. ఎదురుగాలి అనుకున్నదానికన్నా బలంగా ఉండి లాంకాస్టర్లు ఆలస్యమయ్యాయి. దారి పొడవునా రాత్రి ఫైటర్లు వెంటపడ్డాయి. 21 లాంకాస్టర్లు తిరిగి రాలేదు, వెళ్ళినవాటిలో 9.3 శాతం.

సిబ్బంది పూర్తిచేయాల్సిన విడత సేవ, అంటే ఒక టూర్, 30 ఆపరేషన్లు (దాడులు). దాడికి 9 శాతం పోతుంటే ముప్ఫై పూర్తిచేయడం ఎంత కష్టమో లెక్క వేసుకోవచ్చు. జాక్సన్ రెండు రోజుల ముందే తన ముప్ఫై పూర్తిచేశారు. వేరే సిబ్బందితో ఒకసారి ఎగరడం వల్ల ఆయన లెక్క తనవాళ్ళకన్నా ఒకటి ముందుంది. వాళ్ళతో కలిసే ముగించాలని 31వ దానికి స్వచ్ఛందంగా వెళ్ళారు. కొడుకు పుట్టాడన్న కబురు అందింది కూడా ఆ సాయంత్రమే.

నీలిమ

మిగతా ఆరుగురు ఏమయ్యారు?

లింకన్‌షైర్ నుంచి

మంట అదుపులోకి రాదని తేలాక కెప్టెన్ ఫ్రెడ్ మిఫ్లిన్ దూకమని ఆజ్ఞ ఇచ్చాడు. న్యూఫౌండ్‌లాండ్‌వాడు. నలుగురు క్షేమంగా దిగి బందీలయ్యారు. మిఫ్లిన్, వెనక గన్నర్ హ్యూ జాన్సన్ చనిపోయారు.

ఏడుగురిలో ఐదుగురు బతకడం లాంకాస్టర్‌కి చాలా అరుదు. కూలిన లాంకాస్టర్లలో బతికి బయటపడ్డవాళ్ళు సుమారు 11 శాతమే. హ్యాలిఫాక్స్ అనే మరో బ్రిటిష్ బాంబర్‌లో అది 25 శాతం పైనే. ఒక కారణం ముక్కు కింది హ్యాచ్ వెడల్పు: లాంకాస్టర్‌లో 22 అంగుళాలు, హ్యాలిఫాక్స్‌లో 24. ఛాతీ మీద ప్యాక్‌తో దూరేవాడికి ఆ రెండు అంగుళాలు తేడా తెస్తాయి. వెనక గన్నర్ పరిస్థితి ఇంకా ఘోరం, పారాచూట్ టరెట్‌లో (గన్నర్ కూర్చునే గూట్లో) పట్టదు, వెనక ఫ్యూజలేజ్‌లో ఉంటుంది. తలుపు తీసి చెయ్యి చాచి దాన్ని లాక్కోవాలి.

బాంబర్ కమాండ్ మొత్తంలో ఎగిరినవాళ్ళు సుమారు 1,25,000 మంది, చనిపోయినవాళ్ళు 55,573.

పతకాల పెట్టె

జాక్సన్ తెల్లవారాక మోకాళ్ళ మీద, మోచేతుల మీద దగ్గరి ఊరికి పాకారు. కుడికన్ను కాలి మూసుకుపోయింది, చేతులు పనికిరాకుండా పోయాయి. పది నెలలు ఆసుపత్రిలో ఉన్నారు. చేతులు పూర్తిగా ఎప్పటికీ కోలుకోలేదు.

ఆయన చేసింది వెంటనే ఎవరికీ తెలియదు. చూసి బతికినవాళ్ళంతా బందీలు. విక్టోరియా క్రాస్‌కి ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలం కావాలి, అది వాళ్ళు విడుదలై ఇంగ్లండ్ చేరాకే దొరికింది. అందుకే 1944 ఏప్రిల్ నాటి పనికి లండన్ గెజిట్ (బ్రిటిష్ ప్రభుత్వ అధికార పత్రిక) ప్రకటన తేదీ 1945 అక్టోబర్ 26. నవంబర్ 13న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజు ఆరో జార్జ్ చేతి నుంచి అందుకున్నారు. అదే రోజు చెషైర్ కూడా అందుకున్నాడు. జాక్సన్‌కే ముందు ఇవ్వాలని చెషైర్ పట్టుబట్టాడని, హోదా వరస మార్చడం కుదరదని రాజు అన్నాడని చెబుతారు.

యుద్ధం తర్వాత ఆయన విస్కీ కంపెనీకి ఊరూరా తిరిగే సేల్స్‌మన్‌గా పనిచేశారు. 1994 మార్చి 26న చనిపోయారు, సమాధి ట్వికెన్‌హామ్‌లో. పతకాలు 2004లో వేలానికి వచ్చినప్పుడు విక్టోరియా క్రాస్ 2,35,250 పౌండ్లకు పోయింది, కొన్నది లార్డ్ ఆష్‌క్రాఫ్ట్.

గొడుగు దారం

హైదరాబాద్ వాళ్ళకి చిన్న జోడింపు. బాంబర్ కమాండ్‌లో 110 స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. 1918లో దాని డీహెచ్9ఏ రకం బాంబు విమానాలకి నిజాం డబ్బిచ్చాడు. 1939 సెప్టెంబర్ 4న జర్మన్ నౌకల మీద జరిగిన మొదటి బ్రిటిష్ బాంబు దాడిలో ఆ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ బాంబర్లు ఉన్నాయి. జాక్సన్‌తో సంబంధం లేదు, కానీ తెలుగు నేలకి ఈ విభాగంతో ఉన్న నిజమైన ముడి అదే.

నీలిమ

మిఫ్లిన్‌కి ఈ రాత్రికి వేరే పతకం ఎందుకు రాలేదు? కాలుతున్న విమానాన్ని అందరూ దూకేదాకా నిలబెట్టింది ఆయనే కదా.

పతకాల పెట్టె

నిబంధన. అప్పట్లో శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి చనిపోయినవారికి ఇవ్వగలిగినవి రెండే: విక్టోరియా క్రాస్, లేదా మెన్షన్ ఇన్ డిస్పాచెస్ (అధికారిక నివేదికలో పేరు ప్రస్తావన). వాటి మధ్యలో ఏదీ లేదు. అధికారులకి డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్), సార్జెంట్లకి డీఎఫ్‌ఎం (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్), 1942 చివర్లో వాయుసేన కోసం వచ్చిన కాన్‌స్పిక్యువస్ గాలంట్రీ మెడల్ (ఫ్లయింగ్), ఇవన్నీ బతికున్నవారికే. మిఫ్లిన్ పేరు పక్కన డీఎఫ్‌సీ ఉంది. చనిపోయాక ప్రకటించే డీఎఫ్‌సీ అయినా మరణానికి ముందు తేదీతోనే అమల్లోకి రావాలి, కాబట్టి ఆ అక్షరాలు ఏప్రిల్ 26 రాత్రికి లెక్క కావు. జాక్సన్ పతకం ప్రకటనలో మిఫ్లిన్, జాన్సన్ ఏమయ్యారో చెప్పేది ఒక్క వాక్యం: ఆచూకీ తెలియలేదని.